పాత కంప్యూటర్‌కి కొత్త ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, కొత్త విండోస్: బ్యాకప్ నుంచి బిగింపు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ చోట వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించుకుని విండోస్ 11 ఎక్కించుకుందామనేవాళ్లు బాగా పెరిగారు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో, డీటీపీ షాపుల్లో కంప్యూటర్లు చూసే నన్ను జనం అడిగే ప్రశ్నల్ని దాదాపు వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీ పని ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకుంటే చాలు. ఒక్కటి మాత్రం ముందే గట్టిగా చెబుతాను: వేరే డిస్కులో దాచిన కాపీని తెరిచి చూసుకునే దాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. పాడైన ఎస్‌ఎస్‌డీని వారంటీలో మార్చి ఇస్తారు. అందులో పోయిన ఫైళ్లు మామూలు వారంటీ లెక్కలోకి రావు.

## పని పెట్టుకోకముందు

లాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది. కొత్తది కొనాలా, ఎస్‌ఎస్‌డీ వేయిస్తే సరిపోతుందా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి, మీరు రోజూ తెరిచే ప్రోగ్రాములన్నీ తెరిచి ఐదు నిమిషాలు గమనించండి. డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుని మెమరీ సగంలోనే ఉంటే తిరిగే హార్డ్ డిస్కే అడ్డం పడుతోందన్నమాట. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా మొదటి రోజే కనిపిస్తుంది. మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచాలి. ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉండి కూడా ఈడుస్తుంటే డబ్బు పెట్టకముందు ఫ్యాన్‌లో దుమ్ము, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, ఆన్ చేయగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములు చూడండి.

విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందట. ఇక పనిచేయదా?

పనిచేస్తుంది. ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లు. ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించింది. కంప్యూటర్‌లో విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వాలి. దీన్ని ఊపిరి పీల్చుకునే గడువుగానే చూడండి. బ్యాంకు పనులు, జీఎస్‌టీ రిటర్నులు చేసే కంప్యూటర్‌ని ఆ తర్వాత కూడా అలాగే వదిలేయడం నాకు నచ్చదు.

మా లాప్‌టాప్‌కి విండోస్ 11 వస్తుందో రాదో ఎలా తెలుస్తుంది?

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం నడిపితే అదే చెబుతుంది. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఆన్ అయ్యేటప్పుడు విండోస్ అసలుదేనని చూసే సెక్యూర్ బూట్ ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే స్థూలంగా ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. ఐ5-8250యూ అని ఉంటే గీత తర్వాతి 8 ఆ తరాన్ని చెబుతుంది. ఐ5-7200యూ అంటే ఏడో తరం. టీపీఎం లేదని వస్తే వెంటనే నిరాశపడొద్దు. చాలా లాప్‌టాపుల్లో అది ఉండి కూడా బయాస్‌లో (విండోస్‌కి ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది. ఇంటెల్ వాటిలో పీటీటీ అని, ఏఎండీ వాటిలో ఎఫ్‌టీపీఎం అని వెతకండి.

అర్హత లేని లాప్‌టాప్‌లోకి అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చే షాపులున్నాయి. అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. నన్నడిగితే ఆ లాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకోవడం మేలు. బ్రౌజర్, వీడియోలు, తెలుగు టైపింగ్ అన్నీ అందులో నడుస్తాయి.

వారంటీ ఉండగా విప్పితే వారంటీ పోతుందా?

కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవడానికి ఒప్పుకునే కంపెనీలున్నాయి, స్క్రూ మీద స్టిక్కర్ చిరిగితే అభ్యంతరం చెప్పేవీ ఉన్నాయి. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి జవాబు రాతలో తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత అక్కరకు రాదు.

## బ్యాకప్ తీసేటప్పుడు

నా ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి. అది బ్యాకప్ కాదా?

కాదు. నేను చూసిన డేటా నష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క నమ్మకం వల్లే జరిగాయి. మామూలు లాప్‌టాప్‌లో సి, డి, ఇ అని కనబడేవి ఒకే డిస్కుని విండోస్ విడగొట్టి చూపించే భాగాలు. ఒకే బీరువాలో రెండు అరలు అనుకోండి, బీరువాకి బీరువా పోతే ఏ అరలో దాచినా ఒకటే. విండోస్ మాత్రమే చెడిపోయి సి డ్రైవ్ ఫార్మాట్ చేసినప్పుడు డి మిగులుతుంది, ఆ అనుభవమే జనానికి ఈ ధైర్యం ఇచ్చింది. డిస్క్ చెడిపోయినా, లాప్‌టాప్ దొంగలెత్తుకెళ్లినా, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పట్టుకున్నా రెండూ కలిసే పోతాయి. మీ కంప్యూటర్‌లో సి, డి వేరువేరు డిస్కులో కావో తెలియాలంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. రెండూ డిస్క్ 0 పక్కన ఒకే వరసలో ఉంటే ఒకటే డిస్క్.

ఎన్ని కాపీలు ఉంటే టెన్షన్ లేకుండా ఉండొచ్చు?

మూడు, రెండు, ఒకటి అనే లెక్క వాడుకలో ఉంది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒకటి ఇంటికి బయట. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్. మన ఇళ్లకి దీన్ని ఇలా అన్వయించుకోవచ్చు: కంప్యూటర్‌లో ఉన్నది ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒకటి, ముఖ్యమైనవి మాత్రం క్లౌడ్‌లో గానీ ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంచిన ఇంకో డిస్క్‌లో గానీ. అన్నిటికీ మూడు కాపీలు పెట్టే స్తోమత లేకపోతే సినిమాలు, పాటలు వదిలేయండి. ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు మాత్రం వదలొద్దు.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ ఉన్నాయి కదా. ఇంకా హార్డ్ డిస్క్ ఎందుకు?

ఉచితంగా వచ్చేది గూగుల్‌లో 15 జీబీ, అదీ జీమెయిల్, ఫొటోలతో కలిపి. వన్‌డ్రైవ్‌లో 5 జీబీ. ఒక పెళ్లి వీడియోకే అది చాలదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఇవి సింక్ అయ్యే ఫోల్డర్లు. మీరు కంప్యూటర్‌లో ఫైల్ చెరిపేస్తే అక్కడా చెరుగుతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉండి తర్వాత పోతుంది. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేసి రెండు నెలల తర్వాత గుర్తొస్తే చేసేదేం లేదు. ఇంటికి దూరంగా ఉండే కాపీగా క్లౌడ్ చాలా మంచిది. దాని పక్కన వైరు పీకి అల్మారాలో పెట్టుకునే డిస్క్ కూడా ఒకటి ఉండాలి.

పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే సరిపోదా?

ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఫైళ్లు మోసుకెళ్లడానికి సరిపోతుంది, ఏళ్ల తరబడి దాచడానికి పనికిరాదు. పెద్ద ఫైల్ ఎక్కట్లేదని వస్తే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందని అర్థం, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. లోపలి ఫైళ్లు వేరే చోటికి మార్చి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది.

అసలు ఏమేం కాపీ చేయాలి? ఏదో ఒకటి మర్చిపోతానని భయంగా ఉంది.

సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్, అందులో మీ పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తం తీసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ అందులోనే ఉంటాయి. జనం ఎక్కువగా మర్చిపోయేవి వేరే: బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు, బుక్‌మార్కులు, అవుట్‌లుక్ మెయిల్ దాచిన పీఎస్‌టీ ఫైల్, స్కానర్ తన సొంత ఫోల్డర్‌లో పడేసిన ఆధార్, పాస్‌బుక్ కాపీలు, డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్స్ నంబర్లు. ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాముల జాబితాని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత ఏం ఎక్కించాలో వెతుక్కునే పని తప్పుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ని కాపీ చేసి ప్రయోజనం లేదు. ప్రోగ్రాముల్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

మాది డీటీపీ షాపు. పేజ్‌మేకర్ ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలా?

చాలవు. అను లాంటి పాత పద్ధతి ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైల్లో ఉండేది ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకీ గుర్తులకీ ఉండే కోడ్ల మీద ఫాంట్ తెలుగు రూపం గీసి చూపిస్తుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పాత పెళ్లి పత్రిక తెరిస్తే వధూవరుల పేర్లు ఉండాల్సిన చోట అర్థం పర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు వరసగా కనిపిస్తాయి. ఫైల్ చెడిపోలేదు, ఫాంట్ లేదంతే. కానీ ఆ ఫాంట్ మళ్లీ దొరక్కపోతే చెడిపోయినట్టే లెక్క. అందుకే ఫైళ్లతోపాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ నుంచి మీరు వాడే ఫాంట్లన్నీ, తెలుగు టైపింగ్ నడిపే స్క్రిప్ట్ మేనేజర్ ఇన్‌స్టాలర్, దాని లైసెన్స్ వివరాలు, వీలైతే పాత సీడీతో సహా దాచండి.

ముఖ్యమైన పనులన్నిటికీ పీడీఎఫ్ తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. ఫాంట్ పోయినా కనీసం చూసి ప్రింట్ వేసుకోవచ్చు. ఇంకో మాట. అడోబీ పేజ్‌మేకర్‌ని ఆపేసి ఏళ్లయింది. కొత్త విండోస్‌లో అది మొరాయించవచ్చు. పాత కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయకముందే వేరే కంప్యూటర్‌లో మీ పని మొత్తం ఒకసారి నడిపి చూడండి: కంపోజ్ చేసి, సేవ్ చేసి, ప్రింట్ దాకా.

టాలీ, డీఎస్‌సీ టోకెన్ ఉన్నాయి. వాటికేం చేయాలి?

టాలీలో కంపెనీ డేటా నంబర్ల పేర్లున్న ఫోల్డర్లలో ఉంటుంది. టాలీప్రైమ్‌లో పైనున్న డేటా మెనూలోంచి బ్యాకప్ తీసి, అదనంగా టాలీ మూసేసి ఆ డేటా ఫోల్డర్ మొత్తాన్ని కూడా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కంప్యూటర్ మారుస్తున్నా, ఫార్మాట్ చేస్తున్నా లైసెన్స్ ముందే సరెండర్ చేయాలి. లేకపోతే కొత్తదాంట్లో యాక్టివేట్ చేసేటప్పుడు ఇబ్బంది పడతారు, రిటర్నుల గడువు దగ్గర్లో ఉంటే అది చాలా పెద్ద ఇబ్బంది.

డిజిటల్ సంతకం (డీఎస్‌సీ) ఆ యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది కాబట్టి విండోస్ మార్చినా అది పోదు. మళ్లీ దాని డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌కి పరిచయం చేసే ప్రోగ్రాం) వేస్తే చాలు. టోకెన్ సాఫ్ట్‌వేర్‌లో ఇనిషియలైజ్ అనే మాట కనిపిస్తే మాత్రం నొక్కొద్దు, లోపలి సర్టిఫికెట్ చెరిగిపోతుంది.

బిట్‌లాకర్ కీ దాచుకోమంటున్నారు. నేను అలాంటిదేం పెట్టలేదే?

మీరు పెట్టకపోయినా ఉండొచ్చు. డిస్కుకి విండోస్ వేసే తాళం పేరే బిట్‌లాకర్. కొత్త లాప్‌టాపుల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ 11 మొదలుపెట్టినప్పుడు డివైస్ ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు దానంతటదే ఆన్ అవుతుంది. అప్పుడు డిస్కులోని ప్రతి ఫైల్‌కీ తాళం పడినట్టే. దాన్ని తెరిచే రికవరీ కీలో 48 అంకెలుంటాయి. బయాస్ మార్చినా, మదర్‌బోర్డు మార్చినా ఆన్ చేయగానే ఆ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి డివైసెస్ కింద చూస్తే కనబడుతుంది. కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి, అదే కంప్యూటర్‌లో సేవ్ చేస్తే ఉపయోగం ఉండదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన అప్‌డేట్ దెబ్బకి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ రోజు బాగుచేసే పద్ధతి తెలిసినా, బిట్‌లాకర్ కీ చేతిలో లేక ఎన్నో ఆఫీసుల్లో పని ముందుకు కదల్లేదు.

క్లోన్, ఇమేజ్, మామూలు కాపీ. నాకేది కావాలి?

పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్త ఎస్‌ఎస్‌డీలోకి దింపడం క్లోన్. విండోస్, ప్రోగ్రాములు అన్నీ అలాగే వస్తాయి, డిస్క్ మార్చి ఆన్ చేయడమే. మొత్తం డిస్క్‌ని ఒక పెద్ద ఫైలుగా చేసి దాచడం ఇమేజ్, ఏదైనా తేడా వస్తే అదే స్థితికి తిరిగి రావచ్చు. ఫోల్డర్లు లాగి వేయడం మామూలు కాపీ. ఫైళ్లు ఏ కంప్యూటర్‌లో అయినా తెరుచుకుంటాయి కాబట్టి ఇది అందరికీ తప్పనిసరి. క్లోన్ చేస్తున్నా సరే, మామూలు కాపీ తీశాకే మొదలుపెట్టండి. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి అన్నది తారుమారు చేసి నొక్కితే ఖాళీ ఎస్‌ఎస్‌డీ మీ డేటా డిస్క్ మీదికి దిగుతుంది. క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా ఉచితం. కొత్తవాళ్లకి రెస్క్యూజిల్లా సులువు.

బ్యాకప్ సరిగ్గా అయిందని ఎలా నమ్మాలి?

తెరిచి చూసి నమ్మాలి. కాపీ అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య పోల్చండి. తర్వాత ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి పాత ఫొటోలు కొన్ని, ఒక ఎక్సెల్ షీట్, ఒక పెద్ద వీడియో చివరి నిమిషం తెరవండి. సగంలో ఆగిపోయిన కాపీ వీడియో చివర్లోనే దొరుకుతుంది. టాలీ బ్యాకప్ అయితే వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి ట్రయల్ బ్యాలెన్స్ వస్తోందో లేదో చూడండి. ఈ పనికి పట్టేది కాస్త సమయమే, దయచేసి దాటవేయకండి.

హార్డ్ డిస్క్ టక్ టక్‌మని శబ్దం చేస్తోంది. ముందు స్కాన్ చేసి బాగుచేయాలా?

వద్దు. స్కాన్, డీఫ్రాగ్, చెక్ డిస్క్ ఏదీ నడపొద్దు, అవి డిస్క్‌ని ఇంకా ఎక్కువ తిప్పుతాయి. డిస్క్ ఇంకా తెరుచుకుంటుంటే అన్నిటికంటే విలువైన ఫోల్డర్‌తో మొదలుపెట్టి చిన్నచిన్న విడతల్లో కాపీ చేయండి. అసలు కనబడకపోతే కరెంటు తీసేసి డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టి చూడటం లాంటి చిట్కాలు మాత్రం వద్దేవద్దు. శబ్దం లేకపోయినా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో పసుపు రంగులో హెచ్చరిక కనిపిస్తే ఆ రోజే బ్యాకప్ తీయాలి.

షాపువాళ్లే బ్యాకప్ తీసి ఇస్తామన్నారు. ఇవ్వొచ్చా?

మీ దగ్గర ఒక కాపీ తీసుకున్నాకే ఇవ్వండి. "డేటా కావాలా?" అని కౌంటర్ దగ్గర అడిగే మాటకి ఒకరు సి డ్రైవ్ అనుకుంటారు, ఇంకొకరు మొత్తం అనుకుంటారు. ఆ తేడా ఫార్మాట్ అయ్యాకే బయటపడుతుంది.

## సామాను కొనేటప్పుడు

నా లాప్‌టాప్‌కి ఏ ఎస్‌ఎస్‌డీ పడుతుంది?

పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి దాని చోట పెట్టేది రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. సెకనుకి సుమారు 550 ఎంబీ దాకా వేగం ఇస్తుంది. చూయింగ్ గమ్ బిళ్లలా సన్నగా పొడుగ్గా ఉండేది ఎం.2. అందులోనూ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా సాటా మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పనిచేయదు. కాబట్టి లాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దించుకుని చూడండి. ఎం.2 పొడవు కూడా ముఖ్యం. 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు.

ర్యామ్ ఏదైనా పడుతుందా?

పడదు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు, మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. కొన్ని డీడీఆర్3 లాప్‌టాపులు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే తీసుకుంటాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూస్తే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో ఉంటుంది. సన్నటి లాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు.

ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ ఐదారు వందలకే వస్తోంది. కొనొచ్చా?

కొనొద్దు. 2 టీబీ అని చూపించేలా మార్చిన చిన్న మెమరీ అది. అసలు సామర్థ్యం నిండాక ఫైళ్ల పేర్లు కనబడతాయి, లోపల ఏమీ ఉండదు. కొత్త పెన్‌డ్రైవ్ ఏది కొన్నా ఖాళీగా ఉన్నప్పుడే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒకసారి నింపి పరీక్షించండి.

## విప్పి బిగించేటప్పుడు

విప్పేముందు షట్‌డౌన్ చేస్తే చాలా?

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ సగం నిద్ర లాంటిది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి. చార్జర్ పీకండి, బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసేయండి. తర్వాత పవర్ బటన్‌ని పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన చార్జ్ పోతుంది. బ్యాటరీ లోపలే ఉంటే మూత తీసిన వెంటనే చేయాల్సిన మొదటి పని దాని కనెక్టర్ ఊడదీయడం.

మన చేతి స్టాటిక్ వల్ల నిజంగా పార్టులు పోతాయా?

పోతాయి. మనకి చురుక్కుమనని చిన్న చార్జ్ కూడా చిప్‌ని దెబ్బతీయగలదు. తివాచీ మీద, మంచం మీద పెట్టి విప్పొద్దు. చెక్క బల్ల మీద పెట్టుకోండి. పార్టు ముట్టుకునేముందు రంగు వేయని ఇనుప వస్తువు ఏదైనా తాకండి. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్‌ని అంచులు పట్టుకుని తీయాలి, బంగారు రంగు పళ్లకి వేలు తగలనివ్వకండి.

ఎం.2 ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ నేనే బిగించుకోగలనా?

నిదానంగా చేస్తే బిగించుకోగలరు. కాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే సెల్లోటేపుతో అంటించండి. అన్నీ ఒకే పొడవుండవు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే లోపలి బోర్డుకి గుచ్చుకుంటుంది. స్క్రూలు తీశాక మూత రాకపోతే లాగొద్దు. రబ్బరు బుడిపెల కింద ఇంకో స్క్రూ దాగి ఉంటుంది, చూడండి. అంచు వెంట పాత ఏటీఎం కార్డు పోనిస్తూ వెళ్తే క్లిప్పులు ఒక్కొక్కటిగా ఊడతాయి.

ఎస్‌ఎస్‌డీ గాటుని స్లాట్‌లోని గాటుతో సరిచూసుకుని, కాస్త ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల కోణంలో లోపలికి తోయండి. సరిగ్గా కూర్చుంటే వదిలేసినా అది కిందపడకుండా కొద్దిగా పైకి లేచి నిలబడుతుంది. అప్పుడు రెండో చివర వేలితో కిందికి నొక్కి పట్టుకుని చిన్న స్క్రూ బిగించాలి. బంగారు పళ్లు బయటికి ఎక్కువగా కనబడుతుంటే పూర్తిగా లోపలికి పోలేదని అర్థం. ర్యామ్ కూడా అలాగే ఏటవాలుగా తోసి కిందికి నొక్కాలి. రెండు పక్కలా క్లిప్పులు టిక్‌మని పట్టుకుంటాయి. ఎక్కడా బలం పెట్టాల్సిన అవసరం రాదు, వచ్చిందంటే ఏదో తిరగేసి పెట్టారు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ ఒకేసారి మార్చేయొచ్చా?

ఒక్కోటి మార్చి, ఆన్ చేసి చూసి, తర్వాత రెండోది మార్చండి. రెండూ కలిపి మార్చాక తెర రాకపోతే తప్పు ఎవరిదో తేల్చడానికి మళ్లీ మొత్తం విప్పాలి. ర్యామ్ మార్చిన రోజు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి. లోపమున్న ర్యామ్ ఫైళ్లని చడీచప్పుడు లేకుండా పాడుచేస్తుంది.

డెస్క్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డు వేశాను. తెర మీద ఏమీ రావట్లేదు.

ముందు మానిటర్ కేబుల్ చూడండి. మదర్‌బోర్డు వెనక ఉన్న పోర్టుకే వదిలేసి ఉంటారు, దాన్ని కార్డుకి మార్చాలి. తర్వాత కార్డుకి వేరే పవర్ కేబుల్ ఇచ్చారో లేదో చూడండి. స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లే. అంతకంటే ఎక్కువ తాగే కార్డులకి కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ డబ్బా నుంచి నేరుగా కేబుల్ రావాలి. కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన చవక ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద కార్డు పెట్టొద్దు. అది పోతూ పోతూ మిగతావాటిని కూడా తీసుకుపోగలదు.

## విండోస్, సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు

కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించాను, మై కంప్యూటర్‌లో కనబడట్లేదు.

కొత్త డిస్క్ ఖాళీగా ఉంటుంది కాబట్టి కనబడదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని ఇనిషియలైజ్ చేసి, జీపీటీ ఎంచుకుని, కొత్త వాల్యూమ్ సృష్టించాలి. ఎంబీఆర్ ఎంచుకుంటే 2 టీబీ పైన వాడుకోలేరు. నొక్కేముందు డిస్క్ సైజు చూసి కొత్తదేనని నిర్ధారించుకోండి. డేటా ఉన్న పాత డిస్క్ తగిలించినప్పుడు ఇనిషియలైజ్ చేయమని గానీ ఫార్మాట్ చేయమని గానీ అడిగితే ఒప్పుకోవద్దు, రద్దు చేసి బయటికి రండి.

విండోస్ ఎక్కిస్తుంటే డ్రైవులేవీ లేవంటోంది. ఎస్‌ఎస్‌డీ పోయిందా?

చాలామటుకు పోలేదు. పదకొండో తరం నుంచి వచ్చిన చాలా ఇంటెల్ లాప్‌టాపుల్లో వీఎండీ అనే అమరిక ఆన్‌లో ఉంటుంది. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ని లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి దించి, విప్పదీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అదే తెర మీద లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయాలా, ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించాలా?

అంతా బాగా నడుస్తుంటే అప్‌గ్రేడ్ చాలు. నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్ నుంచి పాత విండోస్‌కి వెనక్కి వెళ్లొచ్చు. వైరస్ పట్టిన కంప్యూటర్ అయితే ఫార్మాటే మంచిది. ఇన్‌స్టాల్ చేయడానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, మీడియా క్రియేషన్ టూల్ దాన్ని మొత్తం చెరిపేస్తుంది. ఏ దారిలో వెళ్లినా "ఫైళ్లు అలాగే ఉంచు" అన్న ఆప్షన్‌ని నమ్ముకుని బ్యాకప్ మానొద్దు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి డాక్యుమెంట్లనే చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్ పంపిణీని మధ్యలో ఆపేయాల్సి వచ్చింది.

డ్రైవర్లు ఎక్కడ నుంచి తెచ్చుకోవాలి?

ముందు విండోస్ అప్‌డేట్ నడపండి, సగానికి పైగా అదే తెచ్చుకుంటుంది. మిగిలినవి మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్ నుంచి దించుకోండి. ఫార్మాట్‌కి ముందే వైఫై డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచుకోవాలి. ఒకవేళ మర్చిపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. డ్రైవర్లన్నీ మేమే అప్‌డేట్ చేస్తామనే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

బయాస్ అప్‌డేట్ చేయమంటోంది. చేయాలా?

కారణం ఉంటేనే చేయండి: కొత్త ప్రాసెసర్ గుర్తించడానికో, సెక్యూరిటీ లోపం సరిచేయడానికో. మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. వేసవి కోతల్లో డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. లాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉండాలి, చార్జర్ కూడా తగిలించి ఉండాలి. మొదలుపెట్టేముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి.

షాపులో ఫొటోషాప్, ఆఫీస్ ఉచితంగా వేసి ఇచ్చారు. ప్రమాదమా?

ప్రమాదమే. అవి క్రాక్ చేసినవి. వాటిని నడపడానికి ముందు "యాంటీవైరస్ ఆపేయండి" అంటారు, అసలు విషయం అక్కడే ఉంది. తాళం తీసి పెట్టమని అడిగినవాడు లోపలికి ఇంకేం తెస్తున్నాడో మీకు తెలియదు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు ఎత్తుకెళ్లే ప్రోగ్రాములు, రాన్సమ్‌వేర్ ఈ దారినే ఇళ్లలోకి వస్తుంటాయి. లిబ్రేఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్ ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి, యూనికోడ్ తెలుగు కూడా వాటిలో బాగా వస్తుంది.

మంచి సాఫ్ట్‌వేర్ దించుకుంటున్నా పక్కన ఏవేవో వచ్చి పడుతున్నాయి. ఎందుకు?

గూగుల్‌లో వెతికినప్పుడు పైన వచ్చేది చాలాసార్లు ప్రకటన. ఆ పేజీలో పెద్ద పచ్చ రంగు డౌన్‌లోడ్ బటన్ ఇంకెవరిదో. ప్రోగ్రాం తయారుచేసినవాళ్ల సైట్ నుంచో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచో దించుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోకుండా కస్టమ్ ఎంచుకుని ముందే పెట్టిన టిక్కులు తీసేయండి.

అప్‌డేట్లు విసిగిస్తున్నాయి. పూర్తిగా ఆపేయొచ్చా?

వారం పది రోజులు వాయిదా వేసుకోండి, పూర్తిగా ఆపొద్దు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారినపడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. ఎక్కించుకోనివాళ్లే చిక్కుకున్నారు.

## తేడా చేస్తే

ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర నల్లగానే ఉంది. ఏం చేయాలి?

ర్యామ్ మార్చాక మొదటిసారి తెర రావడానికి కాస్త ఆలస్యం కావచ్చు, కొన్ని నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే కరెంటు పూర్తిగా తీసి ర్యామ్‌ని ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత పాత ర్యామ్ ఒక్కటే పెట్టి చూడండి. దాంతో వస్తే కొత్తది మార్పించుకోవాలి.

సిస్టమ్ రీస్టోర్ చేస్తే నా ఫొటోలు తిరిగి వస్తాయా?

రావు. అది విండోస్ సెట్టింగులు, డ్రైవర్లు, ప్రోగ్రాముల్ని మాత్రమే వెనక్కి తీసుకెళ్తుంది. కొత్త డ్రైవర్ వేశాక కంప్యూటర్ తిక్కతిక్కగా చేస్తే బాగా పనికొస్తుంది కాబట్టి ఏదైనా ఇన్‌స్టాల్ చేసేముందు ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. చెరిగిన ఫొటోలకి మాత్రం బ్యాకప్ ఒక్కటే దారి.

## అంతా అయ్యాక

మళ్లీ బ్యాకప్ ఎప్పుడు తీయాలి?

ఎన్ని రోజుల పని మళ్లీ చేసుకోగలరో అన్ని రోజులకోసారి. లెక్కలు రాసే ఆఫీసైతే రోజూ సాయంత్రం, ఇంట్లో అయితే నెలకోసారి, ఫంక్షన్ ఫొటోలు దించుకున్న రోజు వెంటనే. పని అవ్వగానే డిస్క్ వైరు పీకేయండి. రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌లోని కాపీకీ తాళం వేస్తుంది.

తీసేసిన పాత హార్డ్ డిస్క్‌ని ఏం చేయాలి? అమ్మేయొచ్చా?

నెల రోజులు ఏమీ చెరపకుండా పక్కన పెట్టండి. ఏదో ఒక ఫైల్ మర్చిపోయామని మూడో వారంలో గుర్తురావడం మామూలే. ఆ తర్వాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే యూఎస్‌బీ కేసులో బిగించి అదనపు బ్యాకప్‌గా వాడుకోవచ్చు. అమ్మేటట్లయితే క్విక్ ఫార్మాట్ చాలదు, ఫైళ్లు లోపలే ఉండి రికవరీ ప్రోగ్రాంతో బయటికి వస్తాయి. విండోస్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు క్విక్ దగ్గర టిక్ తీసేస్తే డిస్క్ అంతా సున్నాలతో నిండుతుంది, దానికి గంటలు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే తయారీ కంపెనీ ఇచ్చే టూల్‌లో సెక్యూర్ ఎరేజ్ వాడాలి. చెడిపోయి తెరుచుకోని డిస్క్‌లో ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఉంటే పాత సామాన్లవాళ్లకి అలాగే ఇవ్వకండి. మూత విప్పి లోపలి పళ్లేలు గీతలు పడేలా గీకి, ఆ తర్వాత ఈ-వేస్ట్ తీసుకునే చోట వేయండి.